ఆయుధ ఒప్పందాలతో అక్రమ తుపాకులు ఆగుతాయా?

అంతర్జాతీయ నిషేధాలు, ఒప్పందాల వల్ల అక్రమ ఆయుధాలు, ప్రాంతీయ యుద్ధాలు తగ్గుతాయా అని అడిగారు. తగ్గుతాయి, కానీ తుపాకీకి లెక్క ఉన్న చోటే. 2011లో మన ఆర్మీ తరఫున ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో, తూర్పు కాంగోలోని గోమా దగ్గర పనిచేశాను. అక్కడ చూసిందే చెబుతాను.

కాంగో మీద భద్రతా మండలి ఆయుధ నిషేధం 2003లోనే వచ్చింది. 2008 నుంచి అది ప్రభుత్వ సైన్యానికి వర్తించదు, సాయుధ ముఠాలకే. అయినా అడవిలోంచి లొంగిపోవడానికి వచ్చేవాళ్ల భుజాన ఏకే రైఫిళ్లు ఉండేవి. ఒకరోజు పద్నాలుగేళ్ల పిల్లాడు వచ్చాడు. రిజిస్టర్‌లో రాద్దామని అతని రైఫిల్ తిప్పి చూస్తే, నంబర్ ఉండాల్సిన చోట ఆకురాయితో అరగదీసిన గీతలే ఉన్నాయి. ఎక్కడిదని అడిగితే, "కమాండర్ ఇచ్చాడు" అన్నాడు. అంతకుమించి ఆ తుపాకీ చరిత్ర ఎవరికీ తెలియదు.

మన ఆర్మీలో కోత్‌లోంచి, అంటే ఆయుధాలు దాచే గదిలోంచి, రైఫిల్ తీస్తే దాని బట్ (వెనక భాగం) మీది నంబర్ రాసి సంతకం పెట్టాలి. ఫైరింగ్ అయ్యాక ఒక్క ఖోకా (ఖాళీ తూటా గొట్టం) తగ్గినా, దొరికేదాకా అందరం గడ్డిలో వెతకాల్సిందే. నాకు అప్పట్లో విసుగొచ్చేది. ఆ పిల్లాడి రైఫిల్ చూశాక మళ్లీ విసుక్కోలేదు. కాంగోలో ముఠాలకు చేరిన ఆయుధాల్లో చాలా భాగం సైన్యం నిల్వల నుంచి జారిపోయినవేనని, నిషేధం అమలును గమనించే ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం పదేపదే రాసింది. ప్రతి తుపాకీకీ గుర్తు వేయాలి, రికార్డు ఉంచాలి అని 2005లోనే దేశాలన్నీ ఒప్పుకున్నాయి. అమలే కరువు.

2013 ఆయుధ వాణిజ్య ఒప్పందం అమ్మేవాళ్ల మీద బాధ్యత పెట్టింది, మంచిదే. ఎగుమతి దేశాలకే పెత్తనం దక్కుతుందని మన దేశం ఓటింగ్‌కు దూరంగా ఉంది. ఆ అభ్యంతరంలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. కానీ ముందే ఊళ్లలో తిరుగుతున్న తుపాకుల్ని ఆ కాగితం ఏరివేయలేదు.

మరి నిషేధం దండగా? కాదు. 2012లో తూర్పు కాంగోలోని ఎం23 అనే తిరుగుబాటు ముఠాకు పొరుగు దేశం రువాండా ఆయుధాలు ఇస్తోందని ఆ నిపుణులే ఆధారాలతో బయటపెట్టారు. రువాండా కాదంది. కానీ అమెరికా, బ్రిటన్ లాంటి దేశాలు కొంత సాయం ఆపేశాయి. ఆ ఒత్తిడికి తోడు ఐక్యరాజ్యసమితి ప్రత్యేక బ్రిగేడ్ కూడా దిగడంతో 2013 నవంబరుకి ఎం23 ఓడిపోయింది. నిషేధం ఉండబట్టే నిఘా పెట్టారు, నిఘా వల్లే రుజువు దొరికింది.

తర్వాత ఆ ఒత్తిడి సడలింది. 2025 జనవరిలో గోమా మళ్లీ ఎం23 చేతిలోకి పోయింది. టీవీలో ఆ వార్త చూసినప్పుడు ఆ పిల్లాడి వయసు లెక్కేసుకున్నాను. ఇరవై ఎనిమిది.