క్లాసులోంచి లేచి వెళ్లిపోయిన పిల్ల

ప్రశ్న: మేడమ్, నేను దేవరకొండ వైపు స్కూళ్లలో ఆరోగ్య పాఠాలు చెబుతాను. మొన్న తాగుడుతో లివర్ ఎలా పాడవుతుందో చెబుతుంటే ఎనిమిదో తరగతి పిల్ల చెవులు మూసుకుని బయటికెళ్లిపోయింది. నాదేమైనా తప్పా?

జవాబు: తప్పని కాదమ్మా, కానీ మీకది పాఠం, ఆ పిల్లకు రాత్రి ఇంట్లో జరిగిందే అయి ఉండొచ్చు. మొదట్లో నేనూ కుళ్లిన లివర్ బొమ్మలు గోడకు తగిలించి భయపెట్టినదాన్నే. పాలమూరులో అమ్మానాన్నలు వలసపోయిన పిల్లలకు "ఇంట్లో అడిగి రాసుకురండి" అని హోంవర్క్ కూడా ఇచ్చాను, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చిన్నప్పటి హింస, ఇంట్లో తాగుడు లాంటివాటికీ పెద్దయ్యాక వచ్చే గుండెజబ్బులకూ సంబంధం ఉందని అమెరికాలో 1998లో వచ్చిన ఏస్ (చిన్నప్పటి చేదు అనుభవాల) అధ్యయనం చూపించింది. భయంలో ఉన్న పిల్లకు పాఠం ఎక్కదు కదా! అందుకే ఇప్పుడు ఏం చెప్పబోతున్నానో ముందే చెప్తాను, తలుపు తీసే ఉంచుతాను, బయటికెళ్లడానికి నన్ను అడగక్కర్లేదంటాను. ఆ పిల్లను అందరి ముందు ఏమైందని అడక్కండి, విడిగా "నీళ్లు తాగావా" అంటే చాలు, చెప్పాలనుకుంటే తనే చెప్తుంది. ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకండి, కొడుతున్నారని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాల్సిందే. ఇవన్నీ విని మీకే టెన్షన్‌గా ఉంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.