క్షమించాను, కానీ నొప్పి పోలేదు

ప్రశ్న: అక్కా, అమ్మను సమాధి చేసిన నెలలోనే అన్నయ్య పది మంది ముందు "నీ పెళ్లికి పెట్టాల్సిందంతా పెట్టాం, ఇంకా దేనికొస్తావు ఈ గడపకి" అన్నాడు. రెండేళ్లయింది. క్షమించానని ప్రార్థనలో చెప్పుకుంటాను, అయినా ఆ మాట గుర్తొస్తే నిద్ర పట్టదు. విశ్వాసం ఉంటే ఈపాటికి మర్చిపోయేదానివి అంటున్నారు మందిరంలో పెద్దవాళ్లు. ఇప్పుడు క్రిస్మస్‌కి రమ్మని అన్నయ్య కబురు పెట్టాడు, తలుచుకుంటేనే టెన్షన్. నా విశ్వాసమే తక్కువా?
ఒక సోదరి, కందుకూరు

జవాబు: కాదమ్మా, కానే కాదు.

బైబిల్లో యోసేపును చూడు. సొంత అన్నలే ఇరవై తులాల వెండికి అమ్మేశారు. ఐగుప్తులో అంత పెద్దవాడయ్యాక, దేవుడు నా బాధంతా మరిపించాడని కొడుక్కి మనష్షే అని పేరు పెట్టుకున్నాడు కదా, మరి కరువులో ఆ అన్నలే ధాన్యం కోసం వచ్చి ఎదురుగా నిలబడేసరికి పక్కకెళ్లి ఏడ్చాడు. తమ్ముడు బెన్యామీనును చూసి మళ్లీ గదిలోకెళ్లి ఏడ్చి, ముఖం కడుక్కుని బయటికొచ్చాడు. ఆ ముఖం కడుక్కోవడం మన ఆడవాళ్లకు బాగా తెలుసు. అతనికి విశ్వాసం లేదని ఎవరైనా అంటారా?

ఇంకోటి, వాళ్లు కనపడగానే కావలించుకోలేదు. బెన్యామీను బదులు నన్ను దాసుడిగా ఉంచుకో అని ఆ అన్నల్లో ఒకడైన యూదా ముందుకొచ్చాకే తానెవరో చెప్పాడు. క్షమించడం దేవుడి ముందు నువ్వొక్కదానివే చేయగలవు, కలిసిపోవాలంటే మాత్రం అన్నయ్య కూడా నాలుగడుగులు వేయాలి. అందుకే ఈ క్రిస్మస్‌కి వెళ్లి తీరాలని ఏమీ లేదు. ముందు ఫోన్ చేసి "అన్నయ్యా, ఆ రోజు నువ్వన్న మాట ఇంకా నొప్పిగానే ఉంది" అని చెప్పు, తనేమంటాడో విని అప్పుడు ఆలోచించుకో.

ప్రార్థనలో "క్షమించాను ప్రభువా" అని గబగబా ముగించకు. నొప్పిగా ఉందనే చెప్పు. 13వ కీర్తన మొదలయ్యేదే ఎన్నాళ్లు అనే ప్రశ్నతో, 88వ కీర్తనైతే చీకట్లోనే ఆగిపోతుంది, అవీ దేవుడి వాక్యమే. మన ఒంగోలు ప్రార్థన కొండ మీద మిషనరీ జూయెట్ దొర, కొద్దిమంది విశ్వాసులు ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని తెల్లవారుజామున మోకరించింది 1854 జనవరి 1న. ఆ మిషనరీగా క్లౌ దొర ఒంగోలు వచ్చి పని మొదలుపెట్టింది 1866లో, అంటే జవాబుకి పన్నెండేళ్లు పట్టింది. నిన్నేమో రెండేళ్లకే లెక్క అడుగుతున్నారు!

నిద్ర సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకు, డాక్టరుకు చూపించు. 14416కి ఫోన్ చేసినా సరే, అది మనసు బాధలకు సలహా ఇచ్చే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోతే బాగుండని పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందు పెట్టింది రొట్టె, నీళ్లు. నువ్వు కూడా ఈ రాత్రి అన్నం మానకుండా తిని పడుకో తల్లీ.