2009 నాటి కోబాల్ట్ చికిత్స ప్లాన్‌ను పాత సీటీ నుంచి తిరిగి తయారుచేయవచ్చా?

మీ నాన్నగారికి 2009లో గొంతు క్యాన్సర్‌కు కోబాల్ట్ రేడియేషన్ యంత్రం మీద 33 సిట్టింగులు ఇచ్చారనీ, ఇప్పుడు మెడలో మళ్ళీ గడ్డ కనిపించిందనీ, పాత ప్లాన్, అంటే కిరణాలు ఎక్కడ ఎంత ఇచ్చారన్న లెక్క, దొరకక సీటీ సీడీ, డిశ్చార్జి సమ్మరీ మాత్రమే మిగిలాయనీ రాశారు. రేడియేషన్ ఫిజిసిస్టుగా ఇలాంటి కేసులు కొన్ని చూశాను. ప్లాన్‌ను చాలావరకు తిరిగి కట్టవచ్చు, కానీ సీటీ ఒక్కటే దానికి చాలదు.

మెడ మందమెంతో, దవడ, వెన్నుపూసలు ఎక్కడున్నాయో సీటీ చెబుతుంది. కిరణాలు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పడ్డాయో, రోజుకు ఎంత డోసు ఇచ్చారో చెప్పదు. ఆ రోజుల్లో మెడకు సాధారణంగా కుడి ఎడమల నుంచి ఎదురెదురుగా రెండు ఫీల్డులు, అంటే కిరణాలు పడే చోట్లు, పెట్టేవారు. వాటి కొలతలు, రోజువారీ డోసు ట్రీట్‌మెంట్ కార్డులోనూ, హద్దులు చికిత్సకు ముందు ఫీల్డులను సరిచూసే సిమ్యులేటర్ యంత్రం ఎక్స్‌రే ఫిల్ములోనూ ఉంటాయి. ఆ ఫిల్ము మీద సన్నని గుర్తుల వరుస ఒకటి కనిపిస్తుంది. శరీరం మధ్యలో సెంటీమీటరుకు ఒకటిగా లెక్కకట్టిన ఆ గుర్తుల మధ్య దూరం ఫిల్ము మీద 1.4 సెంటీమీటర్లు ఉంటే బొమ్మ అన్ని రెట్లు పెరిగిందని అర్థం. ఆ లెక్కతో అసలు హద్దులను సీటీలోని వెన్నుపూసల మీదకు దించుకుంటాం.

మళ్ళీ రేడియేషన్ ఇవ్వాలంటే అన్నిటికన్నా నాకు భయం వెన్నుపాము గురించే. రోజుకు 2 గ్రే (రేడియేషన్ డోసు కొలత) చొప్పున 44 గ్రే, అంటే 22 సిట్టింగులు, అయ్యాక ఫీల్డు వెనక భాగాన్ని కుదించి వెన్నుపామును తప్పించడం వాడుక. కుదించి ఉంటే వెన్నుపాముకు చేరింది సుమారు 44, లేకపోతే 33 సిట్టింగులకూ కలిపి 66. వెన్నుపాము దెబ్బతినే ముప్పు 50 గ్రే వద్ద 0.2 శాతమనీ, 60 వద్ద 6 శాతమనీ రేడియేషన్ వల్ల అవయవాలకు కలిగే హానిని లెక్కకట్టిన 2010 నాటి క్వాంటెక్ సమీక్ష అంచనా వేసింది. నేను చూసిన ఒక పెద్దావిడ కార్డు ముందువైపు 66 గ్రే అని మాత్రమే ఉంది. వెనక్కి తిప్పితే నీలి సిరాతో, వెన్నుపామును తప్పించినట్టు ఒక చిన్న వాక్యం, పక్కన తేదీ ఉన్నాయి. సిట్టింగుల తేదీలు ఒక్కొక్కటిగా లెక్కపెడితే ఆ తేదీ సరిగ్గా 22వ దాని మీద పడింది. ఆవిడకు మళ్ళీ రేడియేషన్ ఆలోచించగలిగింది ఆ వాక్యం వల్లనే.

కార్డు దొరకకపోతే వెన్నుపాముకు మొత్తం 66 గ్రే చేరిందనే అనుకుని లెక్క వేయాలి. రోగి విషయంలో, తప్పించే ఉంటారులే అన్న ఊహకు చోటివ్వకూడదని నా అభిప్రాయం. అప్పుడు ఎమ్మారై కొంత సాయపడుతుంది. కిరణాలు పడిన వెన్నుపూసల్లో మజ్జ కొవ్వుగా మారి, టీ1 అనే రకం ఎమ్మారై బొమ్మలో గీత గీసినట్టు తెల్లగా తేలుతుంది. దానితో ఫీల్డు పై, కింది హద్దులు పట్టుకోవచ్చు, డోసు మాత్రం తెలియదు.

పాత ఆసుపత్రిలో రికార్డు సెక్షన్‌తో ఆగకుండా రేడియోథెరపీ విభాగానికే వెళ్ళి, కార్డు రెండు వైపులా జిరాక్సు, సిమ్యులేటర్ ఫిల్ము అడగండి. సీటీ బొమ్మలను ఫోనులో ఫొటోలు తీసి కాకుండా, సీడీని యథాతథంగా కొత్త ఆసుపత్రి ఫిజిసిస్టుకు ఇవ్వండి.