650 సీసీ బైక్‌కి ఎక్కువ కాలం మన్నే స్పోర్ట్ టూరింగ్ టైర్లు ఏవి?

నింజా 650, వారం వారం హైదరాబాద్–విజయవాడ, అప్పుడప్పుడు శ్రీశైలం. షోరూంలో వచ్చిన టైర్లు అరిగాయి, ఈసారి ఎక్కువ కిలోమీటర్లు నడిచేవి కావాలి. మీరడిగింది ఇదే కదా? మిషెలిన్ రోడ్ 6 కొత్త తయారీ తేదీతో దొరికితే కళ్లు మూసుకుని అదే వేయించండి. దొరక్కపోతే మెట్జెలర్ రోడ్‌టెక్ 01, లేదా పిరెల్లి ఏంజెల్ జీటీ 2. రోడ్ 6 చివర జీటీ అని విడిగా రాసున్న రకం బాగా బరువైన టూరర్ల కోసం చేసింది, దాని జోలికి పోకండి. ఏంజెల్‌కి మాత్రం జీటీ అనేది పేరులోనే ఉంది, దానితో కంగారు పడక్కర్లేదు.

సైజు మార్చకండి. ముందు 120/70 జెడ్‌ఆర్ 17, వెనక 160/60 జెడ్‌ఆర్ 17. లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) ముందు 58, వెనక 69, అంటే 236 కిలోలు, 325 కిలోలు. వెనక 180 వెడల్పు టైరు వేస్తే బండి నిండుగా ఉంటుందని చెప్పే షాపులు చాలా ఉన్నాయి. 180/55 టైరు 5.5 అంగుళాల రిమ్ముకి తయారైంది, మీ రిమ్ము 4.5. అందులో దాన్ని ఇరికిస్తే అంచులు లోపలికి ముడుచుకుని నడినెత్తి కోసుగా లేస్తుంది. నేలకు తగిలే భాగం పెరగదు, మలుపులో బండి బద్ధకిస్తుంది, చైను దగ్గర సందు తగ్గుతుంది. డబ్బు పోసి హ్యాండ్లింగ్ చెడగొట్టుకోవడం ఎందుకు?

ఇక అసలు సంగతి. బ్రాండు ఏదైనా, మీ రూట్లో ముందు చచ్చేది వెనక టైరు మధ్య పట్టీ. విజయవాడ హైవే మీద బండి వాలేది ఎక్కడ? గంటలకు గంటలు నిటారుగా నడుస్తూ రెండు మూడు అంగుళాల పట్టీ మీదే బరువు, ఇంజిన్ లాగుడు, తారు వేడి అన్నీ పడతాయి. అందుకే ఈ తరగతి టైర్లలో చాలావాటికి వెనక మధ్యలో గట్టి రబ్బరు, పక్కల మెత్తటి రబ్బరు వేస్తారు. అయినా మధ్యభాగం చదునవుతుంది. పక్కల గాడులు కొత్తవాటిలా ఉంటాయి కాబట్టి ఇంకో మూడు వేల కిలోమీటర్లు లాగొచ్చు అనిపిస్తుంది. ప్రమాదం అక్కడే.

అలా చదునైన టైరుతో శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటి అడవిలోకి వెళ్లిన బండిని ఊహించండి. దోమలపెంట వరకు ఏమీ తెలియదు. అక్కడి నుంచి డ్యామ్ వైపు దిగేటప్పుడు మొదటి హెయిర్‌పిన్‌లో హ్యాండిల్ కాస్త ఒత్తితే బండి వాలదు, మొండికేస్తుంది. ఇంకాస్త ఒత్తుతారు. టైరు చదునైన చోటు దాటి పెట్టె అంచులాంటి గట్టు మీదకు ఎక్కగానే బండి ఒక్కసారిగా లోపలికి పడినట్టు వాలిపోతుంది. ఉలిక్కిపడి యాక్సిలరేటర్ వదిలేస్తారు, బరువంతా ముందుకొస్తుంది, గీసుకున్న లైను తప్పుతుంది. అక్కడే రోడ్డు మీద సన్న కంకరో, పొద్దుటి తడో ఉంటే సర్దుకునే వ్యవధి ఉండదు. అది రైడర్ తప్పు కాదు, టైరు ఆకారం తప్పు. గాడి లోతు మాత్రమే చూసేవాళ్లకు ఇది ఎప్పటికీ అర్థం కాదు.

కాబట్టి వెనక కూర్చుని, కన్ను టైరు ఎత్తులో పెట్టి, స్టీలు స్కేలు అడ్డంగా ఆనించండి. రెండు వేళ్ల వెడల్పున స్కేలు సమంగా ఆనుతుంటే మార్చే వేళైంది. మన నిబంధనల్లో ద్విచక్ర వాహనాలకు 0.8 మిల్లీమీటర్ల లోతు చాలు. వానాకాలానికి అది చాలదు, జూన్ వచ్చేసరికి 2 మిల్లీమీటర్లు లేకపోతే మార్చేయండి.

మన్నిక పెంచేది గాలి. ముందు 32, వెనక 36 పీఎస్ఐ, బండి కనీసం మూడు గంటలు నిలిచి చల్లబడ్డాక. మే నెలలో సూర్యాపేట దగ్గర ఆగి చూస్తే వెనక 40 కనిపిస్తుంది. అది సహజం, గాలి తీయకండి. తీస్తే మర్నాడు పొద్దున 32కి పడిపోతుంది, ఆ తక్కువ గాలితో టైరు మరింత కాగుతుంది, మరింత త్వరగా అరుగుతుంది. ముందు టైరులో గాలి తక్కువుంటే గాడుల అంచులు ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు పల్లంగా అరిగి హ్యాండిల్ అదురుతుంది. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద రాసున్న 42 గరిష్ఠ పరిమితి, బండికి పెట్టాల్సిన లెక్క కాదు. బంకులో మిషన్లను నమ్మకండి, సొంత గేజ్ కొనుక్కోండి.

తేదీ చూడకుండా డబ్బు ఇవ్వకండి. సైడ్‌వాల్ మీద డీఓటీ అక్షరాల చివర నాలుగు అంకెలుంటాయి, 2324 అంటే 2024లో 23వ వారం. 2020 జూన్‌లో టైర్ల దిగుమతిని పరిమితుల జాబితాలో (లైసెన్సు ఉంటేనే తేవాలని) పెట్టినప్పటి నుంచి ఈ సైజులు రావడమే కష్టమైంది. వచ్చినవి గోడౌన్లలో ముసలివైపోతాయి, ధర మాత్రం కొత్తదే చెబుతారు. లైసెన్సు కాగితాల కోసం రైడర్ల ప్రాణాలతో ఆడటం అన్యాయం. రెండేళ్లు దాటిన సరుకైతే తగ్గింపు ఇచ్చినా వద్దనండి. డామినార్, 390 డ్యూక్ ఉన్నవాళ్లకు ఈ బాధ తక్కువ, 110/70, 150/60 సైజుల్లో అపోలో ఆల్ఫా హెచ్1 లాంటి మన రేడియల్స్ దొరుకుతాయి.

బిగింపు కార్ల షాపులో చేయించకండి. మిషన్ మీద చక్రం డిస్కు కిందికి పెడితే డిస్కు వంగుతుంది, ఏబీఎస్ రింగు దెబ్బతింటుంది. బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉండాలి. పసుపు చుక్క ఉంటే వాల్వు పక్కకు రావాలి. రబ్బరు వాల్వు ప్రతిసారీ కొత్తది, రెండు చక్రాలకూ బ్యాలెన్సింగ్ తప్పనిసరి. చైను వదులు సరిచూసి, యాక్సిల్ నట్టును మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించమనండి. షాపు నుంచి కదలకముందు రెండు బ్రేకులూ గట్టిపడేదాకా పదేపదే నొక్కండి. చక్రం తీసినప్పుడు ప్యాడ్లు వెనక్కి జరిగి ఉంటే మొదటి నొక్కుకు బ్రేకు పట్టదు. మొదటి 150 కిలోమీటర్లు మెల్లగా, వాలు కొంచెం కొంచెంగా పెంచుతూ నడపండి, కొత్త రబ్బరు జారుతుంది.

ఇవన్నీ పాటిస్తే వెనక టైరు 12 వేల కిలోమీటర్ల చుట్టుపక్కల, ముందుది అంతకన్నా ఎక్కువే రావాలి. టైరు మధ్యభాగంలో మేకు దిగితే బయటి నుంచి పెట్టే రబ్బరు స్ట్రిప్ ఇల్లు చేరడానికే. తర్వాత టైరు విప్పించి లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ (పుట్టగొడుగు ఆకారపు ప్యాచ్) వేయించండి. సైడ్‌వాల్‌కి ఏ ప్యాచూ పనికిరాదు. గాలి పూర్తిగా దిగాక కూడా బండి నడిపి ఉంటే, విప్పినప్పుడు లోపల రబ్బరు పొడి రాలి ఉందేమో, సైడ్‌వాల్ చుట్టూ నలిగిన గీత పడిందేమో చూడండి. కనబడితే వేయించిన వారానికే అయినా ఆ టైరు తీసేయాల్సిందే.