చుట్టరికం సాకు, ఆక్విటేన్ అసలు సంగతి

ప్రశ్న: ఫ్రాన్స్ రాజు ఏడో లూయీతో, నైరుతి ఫ్రాన్స్‌లోని ఆక్విటేన్ సంస్థానానికి వారసురాలైన ఎలియనోర్ పెళ్లిని చుట్టరికం పేరుతో రద్దు చేశారు. రెండో భర్త హెన్రీ ఇంకా దగ్గర చుట్టమట. ఎలా కుదిరిందండీ?

జవాబు: నిజమేనండి. ఏడు తరాల లోపు చుట్టరికముంటే పెళ్లి చెల్లదనేది అప్పటి చర్చి నియమం. మన మేనరికాలు అక్కడ ఊహకైనా అందవు! ఆ లెక్కన రాజవంశాల్లో ఏ పెళ్లినైనా దాదాపు తెంచేయొచ్చు. అసలు బాధ, పదిహేనేళ్ల కాపురంలో ఇద్దరూ ఆడపిల్లలే పుట్టడం. 1152 మార్చి 21న రద్దయింది. కూతుళ్లు తండ్రి దగ్గరే ఉండిపోయారు, పుట్టింటి ఆక్విటేన్ మాత్రం ఆమెతో వెళ్లిపోయింది. మే 18న హెన్రీతో పెళ్లి. 1154లో అతను ఇంగ్లండ్ రాజు.

లూయీకి ఆమె ఇచ్చిన స్ఫటిక పాత్ర పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. బేరిపండు ఆకారం, ఒళ్లంతా తేనెపట్టు గళ్లు. అది ఎవరి చేతి నుంచి ఎవరికి వెళ్లిందో అడుగున చెక్కించారు.