చేతిలో ఒక పని, మనసులో నాలుగు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. నాకు 36 ఏళ్లు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. మావారు రైస్ మిల్లులో గుమాస్తా. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. ఈమధ్య ఏ పని మీదా మనసు నిలవడం లేదు. మొన్న కటింగ్‌కి కూర్చోగానే ఫాల్ కోసం ఒకావిడ వచ్చింది. ఆవిడ వెళ్లేలోపు మెడ డిజైన్ ఫొటోలు చూడమని వాట్సాప్‌లో ఇంకొకరు. ఇంతలో పొయ్యి మీద కూర అడుగంటింది. తిరిగొచ్చి, పెళ్లివారి పట్టు జాకెట్టుకి చేతులు రెండూ ఒకే వైపువి కత్తిరించేశాను. సరిగ్గా అప్పుడే లెక్క అర్థం కాలేదని వచ్చిన మా అమ్మాయిని కొట్టాను. ఏడో తరగతి పిల్ల. "పొద్దస్తమానం మిషన్ దగ్గరే, ఒక్క పనీ తెమలదు" అంటారు అత్తయ్యగారు. రాత్రి ఒంటిగంట దాకా కుడుతున్నా పని మిగిలిపోతోంది. ఇది జబ్బా? ధ్యానం నేర్చుకుంటే తగ్గుతుందా?

జవాబు: అమ్మా, ముందు పాప సంగతి. ఈ రోజే పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వేం తప్పు చేయలేదు, నా కంగారులో కొట్టాను" అని చెప్పండి. ఆ వయసు పిల్లకి అర్థమవుతుంది. మీరు చెప్పకపోతే, లెక్క అడగడమే తప్పనుకుని ఇక అడగడం మానేస్తుంది. పెళ్లివారికి కూడా ముహూర్తం దాకా దాచకుండా జరిగింది చెప్పేయండి. మ్యాచింగ్ గుడ్డ మీ ఖర్చుతో తెచ్చి కుట్టిస్తానంటే ఒప్పుకునేవాళ్లే ఎక్కువ.

ఇక మీ మనసు. మీరు రాసిన ఆ ఒక్క పూటలో మిమ్మల్ని ఎంతమంది లేపారో చూశారా? ఒక పని మధ్యలో వదిలేసి ఇంకోదానికి వెళ్తే, ధ్యాసలో కొంత వెనకటి పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లోనే రాశారు. ఫాల్, ఫొటోలు, మాడిన కూర ఇంకా తలలో తిరుగుతుండగానే మీరు కత్తెర పట్టారు. అలాంటప్పుడు ఎంత పనిమంతురాలి చెయ్యైనా తప్పుతుంది.

మీ నరసాపురం వైపు లేసు అల్లేవాళ్లను చూసే ఉంటారు. పిలిస్తే, "ఈ పువ్వయ్యాక వస్తా" అంటారు. మధ్యలో లేస్తే లెక్క తప్పుతుందని వాళ్లకు తెలుసు. మీ పనికీ అలా ఆగే చోటు ఒకటి పెట్టుకోండి. చేతులు కత్తిరిస్తుంటే రెండు చేతులూ అయ్యాకే లేవండి. తప్పనిసరిగా లేవాల్సొస్తే చిన్న చీటీ మీద "ఎడమ చెయ్యి అయింది, కుడిది ఉంది" అని రాసి గుడ్డకి పిన్ను పెట్టండి. తిరిగొచ్చాక ఎక్కడ ఆపామో వెతుక్కోనక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యం కటింగ్. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కత్తెర పడ్డాక చేసేదేం లేదు. అందుకే పాప బడికి వెళ్లి, వంట అయ్యాక ఒక గంటన్నర దానికే ఉంచండి. స్టవ్ కట్టేసి, ఫోన్ పక్క గదిలో పెట్టేసి, కొలత జాకెట్టు ముందేసుకుని ఆ రోజువి వరసగా కత్తిరించేయండి. హుక్కులు, కాజాలు, చేతి కుట్లు మాట్లాడుతూ కూడా చేసుకోవచ్చు కాబట్టి వాటిని సాయంత్రానికి ఉంచి, గుడ్డలు ఇచ్చేవాళ్లనీ తీసుకెళ్లేవాళ్లనీ అప్పుడే రమ్మనండి. నాలుగు వారాలు గట్టిగా చెబితే ఊరంతా అలవాటు పడుతుంది.

అత్తయ్యగారి మాటలో ఎత్తిపొడుపు ఉంది, నిజమూ ఉంది. వాదించకుండా ఆవిడకే ఒక బాధ్యత అప్పజెప్పండి. "అత్తయ్యగారూ, నేను కటింగ్‌లో ఉన్నంతసేపూ ఎవరొచ్చినా మీరే మాట్లాడి సాయంత్రం రమ్మని చెప్పాలి" అని అడగండి. ఇంటికొచ్చినవాళ్లతో పెద్దరికంగా మాట్లాడే పని ఏ అత్తగారూ కాదనరు. పని తెమలడం కళ్లారా చూస్తే ఆ మాటా తగ్గుతుంది. రాత్రి పాప లెక్కలు మీవారు చూసుకోవాలి. గుమాస్తా పని చేసేవారికి ఏడో తరగతి లెక్క బరువేం కాదు, అడగడానికి మొహమాటపడకండి.

ధ్యానం మంచిదే, కానీ మీకు ముందు కావలసింది నిద్ర. పదిన్నర తర్వాత మిషన్ మీద చెయ్యి వేయకండి. నిద్ర సరిపోయాక కూడా రెండు వారాల పాటు దిగులు, ఊరికే ఏడుపు రావడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే డాక్టరుకి చూపించుకోండి. మనసు బాధలకు సలహా ఇచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం అక్కర్లేదు.

చివరగా ఒప్పుకోళ్ల సంగతి. ఎవరడిగినా "ఇచ్చేత్తానండీ" అనేయడం మన గోదారోళ్ల మర్యాద. దాంతోనే మీ రాత్రులన్నీ పోతున్నాయి. ఒక నోటుబుక్కులో రోజుకి ఎన్ని కుట్టగలరో అన్నే గళ్లు గీసుకోండి. గుడ్డ తీసుకునే ముందు ఆ బుక్కు తెరవండి. గళ్లు నిండిపోయాక వచ్చినవాళ్లకి "పండగ దాటాక అయితే తప్పకుండా కుడతానండీ" అనండి. ఈ సంక్రాంతి గుడ్డల నుంచే మొదలుపెట్టండి. మాఘమాసం పెళ్లిళ్లు వచ్చేసరికి అలా చెప్పడం మీకూ, వినడం వాళ్లకూ అలవాటవుతుంది.