చేయి మొద్దుబారిన రాత్రి నొప్పి మాత్ర మానకండి

నాన్నగారి ముంజేతి ఎముక విరిగిందనీ, అనంతపురంలో పూర్తి మత్తు ఇవ్వకుండా మెడ కింద ఇంజక్షన్ చేసి చేయి మాత్రమే మొద్దుబారేలా చేస్తామన్నారనీ, తర్వాత నొప్పి ఎలా ఉంటుందనీ అడిగారు. నేను డాక్టర్‌ను కాను. రెండేళ్ల క్రితం కర్నూలులో బండి మీద నుంచి పడితే నా కుడి ముంజేతికి ప్లేటు వేశారు. ఇంట్లో పెద్దవాళ్లు పుత్తూరు కట్టుకు వెళ్దామన్నారు గానీ, ఎముక రెండు చోట్ల విరగడంతో ఆపరేషన్‌కే ఒప్పుకున్నాను. నాకూ ఇదే ఇంజక్షన్ ఇచ్చారు.

మెడ నుంచి చేతికి దిగే నరాలు కాలర్ ఎముక దగ్గర ఒకచోట గుంపుగా ఉంటాయి. అల్ట్రాసౌండ్ తెర మీద వాటిని చూస్తూ చుట్టూ మందు వదులుతారు. ముందు వేళ్లు వెచ్చబడ్డాయి. ఇరవై నిమిషాలకు చేయి జొన్నల మూటంత బరువెక్కింది. అది పక్క బల్ల మీద చాచి ఉన్నా, నాకు మాత్రం ఛాతీ మీద మడిచి పెట్టుకున్నట్టే ఉంది. ఎడమ చేత్తో తడిమితే అక్కడ ఏమీ లేదు! డ్రిల్లు శబ్దం వినిపించింది, నొప్పి మాత్రం ఏమాత్రం తెలియలేదు.

నేను పొరపాటు చేసింది రాత్రి. నర్సు మాత్రలు ఇస్తే, నొప్పే లేదు కదా అని దిండు కింద పెట్టి నిద్రపోయాను. అర్ధరాత్రి దాటాక రెండు గంటలప్పుడు వేళ్లు చిమచిమలాడాయి. అరగంటలో సలుపు మొదలై మంచం మీద కూర్చోలేకపోయాను. అప్పుడు మింగిన మాత్ర పని చేయడానికి గంట పట్టింది. ఆ గంట నాకు ఇంకా గుర్తుంది. మందును బట్టి తిమ్మిరి ఎనిమిది గంటల నుంచి ఒక రోజు దాకా ఉండవచ్చు. ఎప్పుడు వదులుతుందో మత్తు డాక్టర్‌ను ముందే అడగండి. వదలకముందే మాత్ర కడుపులో ఉండాలి. ఆ తర్వాత కూడా నొప్పి వచ్చాక కాకుండా, వాళ్లు చెప్పిన వేళకే వేయండి. కిడ్నీ సమస్య గానీ కడుపులో పుండు గానీ ఉంటే మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా కొనకండి.

రక్తం పలుచబడే మందులు వాడుతున్నా, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నా ఇంజక్షన్‌కు ముందే చెప్పాలి. ఆ వైపు కనురెప్ప కాస్త వాలడం, గొంతు బొంగురుపోవడం కొందరికి జరుగుతుంది, మందు ప్రభావం పోయాక తగ్గిపోతాయి. ఊపిరి ఆడనట్టు అనిపిస్తే మాత్రం వెంటనే చెప్పండి. తిమ్మిరి ఉన్నంతసేపు చేతిని మెడకు వేసే పట్టీలోనే ఉంచండి. వేడి టీ గ్లాసు తగిలినా తెలియదు, కాలిపోతుంది.

మాత్రలు వేసినా నొప్పి పెరుగుతూ పోతే, వేళ్లు పాలిపోయినా బాగా ఉబ్బినా, వేళ్లు చాపితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగవద్దు, అప్పుడే డ్యూటీ డాక్టర్‌ను పిలవండి. ఆ రాత్రి నాన్నగారి పక్కన మీరే పడుకోండి. ఫోనులో అలారం పెట్టుకుని, నిద్ర లేపి మరీ మాత్ర ఇవ్వండి.